అమ్మాయిని కాన్సస్ పంపాలా? ముందు బేస్‌మెంట్ ఉందో లేదో అడగండి

ప్రశ్న: మాది రేపల్లె. ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. మా అమ్మాయి అమెరికాలో, డెట్రాయిట్‌లో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చివరి ఏడాదిలో ఉంది. శిక్షణ కోసం ఇచ్చే జే-1 వీసా మీద ఉంది. పశ్చిమ కాన్సస్‌లో నాలుగు వేల జనాభా ఉన్న ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రి వాళ్లు ఉద్యోగం ఇస్తామంటున్నారు. మూడేళ్లు పనిచేయాలట. అది టోర్నడోలు, అంటే భీకరమైన సుడిగాలులు వచ్చే ప్రాంతమని తెలిసినప్పటి నుంచి మాకు నిద్ర లేదు. 1977 ఉప్పెనను పన్నెండేళ్ల వయసులో కళ్లారా చూసినవాడిని. అల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ‘తన ఇష్టం’ అంటున్నాడు. వద్దని చెప్పమంటారా?

జవాబు: మాస్టారూ, వద్దని చెప్పకండి. అలాగని ఇప్పుడే సరేననీ అనకండి. సంతకం పెట్టే ముందు మీ అమ్మాయి, అల్లుడు కలిసి ఒకసారి ఆ ఊరు వెళ్లి రెండు రాత్రులు ఉండి రావాలి. గాలి గురించి మీకున్నంత భయం నాకు లేదు. మీరు అడగని సంగతుల గురించే నాకు ఎక్కువ బెంగ.

ఆ ఉద్యోగం అంత మారుమూల ఊరి నుంచి ఎందుకు వచ్చిందో తెలిస్తే మీకు సగం కంగారు తగ్గుతుంది. జే-1 మీద రెసిడెన్సీ చేసిన వైద్యులు అది ముగిశాక స్వదేశానికి వెళ్లి రెండేళ్లు ఉండాలి. ఆ షరతు నుంచి మినహాయింపు పొందే దారుల్లో ముఖ్యమైనది ‘కాన్రాడ్ 30’. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994 నుంచి నడుస్తోంది. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లపాటు, వారానికి 40 గంటలు పనిచేస్తామని ఒప్పుకోవాలి. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 స్థానాలు మాత్రమే. కాలిఫోర్నియాకూ ముప్పయ్యే, కాన్సస్‌కూ ముప్పయ్యే. మినహాయింపు దొరికాక హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద పనిచేస్తారు. దానికి లాటరీతో పనిలేదు. కాబట్టి చిన్న ఊరు దొరకడం మీ అమ్మాయి తెలివితేటలకు చిన్నతనమేమీ కాదు. ఈ పథకం ఉన్నదే అలాంటి ఊళ్ల కోసం. దీన్ని వదులుకుంటే ఇంకో రాష్ట్రంలో ప్రయత్నించాలి, లేదా రెండేళ్లు ఇక్కడికి వచ్చి ఉండాలి. కొత్త స్థానాలు ఏటా అక్టోబరులో తెరుచుకుంటాయి కనుక ఆలోచనకు ఉన్న గడువు కూడా తక్కువే.

ఇక గాలి సంగతి. మీరు ఉప్పెనను చూసినవారు కాబట్టి ఒక తేడా తేలిగ్గా పట్టుకోగలరు. మన తుపాను రోజుల ముందే తెలుస్తుంది, వచ్చిందంటే జిల్లాలకు జిల్లాలను ముంచుతుంది. టోర్నడో రాబోతున్నట్టు తెలిసేది నిమిషాల ముందే. కానీ అది తాకేది చాలా సార్లు కొన్ని వందల మీటర్ల వెడల్పున్న దారిని మాత్రమే. వీధికి ఇటువైపు ఇల్లు నేలమట్టమై, అటువైపు ఇంట్లో పూలకుండీ కూడా కదలకుండా ఉన్న సందర్భాలున్నాయి. అమెరికాలో ఏటా సుమారు 1,200 టోర్నడోలు వస్తాయి. అందులో ఎక్కువ భాగం బలహీనమైనవే. కాన్సస్‌లో పుట్టి పెరిగి, సొంత ఇంటికి ఒక్క టోర్నడో కూడా తగలకుండా ముసలివాళ్లైనవారు కోకొల్లలు. 1977లో మీ వైపు ప్రాణాలు తీసింది ప్రధానంగా నీరు. మేడ ఎక్కినవారు, చెట్టు పట్టుకున్నవారు బతికారు. అక్కడ బేస్‌మెంట్‌లోకి, అంటే ఇంటి కింద నేలలో కట్టిన గదిలోకి దిగినవారు బతుకుతారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీ అనుభవాన్ని తలకిందులు చేసుకోవాలి.

గ్రీన్స్‌బర్గ్ అనే ఊరి సంగతి చెబుతాను. అదీ కాన్సస్‌లోనిదే. అప్పట్లో సుమారు 1,500 మంది జనం. 2007 మే 4 రాత్రి దాదాపు 2.7 కిలోమీటర్ల వెడల్పున్న టోర్నడో ఆ ఊరి మీదుగా పోయింది. తీవ్రతను కొలిచే ఈఎఫ్ స్కేలులో అన్నిటికన్నా పై మెట్టు అయిన ఈఎఫ్-5. ఊళ్లో 95 శాతం పోయింది, ఆసుపత్రితో సహా. చనిపోయినవారు మాత్రం పది పన్నెండు మంది. ప్రతి ప్రాణమూ విలువైనదే. కానీ ఊరంతా తుడిచిపెట్టుకుపోయిన రాత్రి అంతమంది ఎలా మిగిలారని అడగాలి కదా. హెచ్చరిక ముందుగా వచ్చింది, సైరన్లు మోగాయి, జనం బేస్‌మెంట్లలోకి దిగారు. పెద్ద పట్టణమైన మిస్సోరిలోని జాప్లిన్‌లో 2011 మే 22న ఇలాంటిదే వచ్చినప్పుడు 150 మందికి పైగా పోయారు. అక్కడ చాలా ఇళ్లకు బేస్‌మెంట్లు లేవు.

అందుకే ఆ ఊళ్లో అద్దె ఇల్లు చూసేటప్పుడు మీ అమ్మాయి వంటగది కన్నా ముందు కిందికి దిగే మెట్లు చూడాలి. బేస్‌మెంట్ ఉందా, దానికి మెట్లు ఇంట్లో నుంచి ఉన్నాయా, బయటి నుంచా? వడగళ్లు పడుతుండగా పెరట్లోకి పరుగెత్తి తలుపు ఎత్తాల్సిన ఇల్లు నాకైతే నచ్చదు. పడకగది నుంచి కింది మెట్టు దాకా ఎంతసేపు పడుతుందో చీకట్లో ఒకసారి నడిచి చూసుకోమనండి. బేస్‌మెంట్ లేకపోతే గ్యారేజీ నేలలో దించిన ఉక్కు షెల్టరైనా ఉండాలి. మొబైల్ హోమ్ అనే రేకుల ఇల్లు ఎంత చవకగా వచ్చినా, ఎంత ముద్దుగా ఉన్నా వద్దు. ఈ ఒక్క చోట నేను కచ్చితంగా కాదంటాను. ఇళ్లలో ఉండగా టోర్నడోకు బలయ్యేవారిలో సగం కన్నా ఎక్కువమంది అలాంటి ఇళ్లలోనివారే.

కింద ఒక మూల రెండు సైకిల్ హెల్మెట్లు, రెండు జతల బూట్లు, టార్చి, ఈల పెట్టుకుంటే చాలు. బూట్లు ఎందుకని అడుగుతారేమో. గాలి పోయాక పైకి వస్తే నేలంతా గాజు పెంకులు, మేకులు. వెదర్ రేడియో అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది, అర్ధరాత్రి హెచ్చరిక వస్తే దానంతటదే అరిచి లేపుతుంది. ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకునే అలవాటున్న అల్లుడుగారికి అది ముఖ్యం. ‘వాచ్’ అంటే వాతావరణం టోర్నడోకు అనుకూలంగా ఉందని. ఆ పూట కాస్త మెలకువగా ఉండాలి. ‘వార్నింగ్’ అంటే కనబడింది లేదా రాడార్‌లో ఆనవాలు దొరికింది, ఇక దిగాల్సిందే. ఈ రెండు మాటలూ మీరు కూడా నేర్చుకోండి. లేకపోతే ప్రతి ‘వాచ్’కీ మీరు రేపల్లె నుంచి ఫోను చేసి ఆ పిల్లను హడలగొడతారు.

అయితే వైద్యురాలి విషయంలో మరో చిక్కుంది. సైరన్ మోగినప్పుడు ఆమె ఇంట్లోనే ఉంటుందని చెప్పలేం. డ్యూటీలో ఉంటే తాను దాక్కోవడం కాదు, రోగుల్ని కిటికీల నుంచి లోపలి వరండాల్లోకి మార్చాలి. జాప్లిన్‌లో దెబ్బతిన్నవాటిలో పెద్ద ఆసుపత్రి కూడా ఉంది. కనుక ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు పెద్ద డాక్టరును కాకుండా నర్సులను అడగమనండి: క్రితం సారి సైరన్ మోగినప్పుడు మీరు ఎక్కడికి వెళ్లారు, మంచం దిగలేని రోగుల్ని ఏం చేశారు? తడుముకోకుండా చెబితే మంచి ఆసుపత్రి. ముఖముఖాలు చూసుకుంటే ఆలోచించాలి.

ఒప్పందం కూడా ఒకసారి ఈ కళ్లతోనే చదవాలి. మూడేళ్లు పూర్తికాకుండా మానేస్తే మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. ఆసుపత్రి మూతపడటం వంటి అసాధారణ కారణం ఉంటే మాత్రం, మిగిలిన కాలాన్ని కొరత ఉన్న మరో ప్రాంతంలో పూర్తిచేయడానికి అనుమతి అడగవచ్చు. గ్రీన్స్‌బర్గ్ ఆసుపత్రికి మళ్లీ సొంత భవనం వచ్చింది 2010లో. అలాంటి మధ్యకాలంలో జీతం, వీసా ఏమవుతాయో ఇమిగ్రేషన్ లాయరుతో ముందే మాట్లాడుకోవడం మంచిది. లాయరు ఆసుపత్రి పెట్టినవారు కాకుండా మీ అమ్మాయి సొంతంగా పెట్టుకున్నవారై ఉండాలి. ఆ డబ్బు దగ్గర పీనాసితనం వద్దు.

ఇప్పుడు నా అసలు బెంగ. అలాంటి ఊళ్లలో ఉండేవి సాధారణంగా 25 పడకలకు మించని ఆసుపత్రులు. రాత్రి పూట డాక్టరు ఒక్కరే. గుండెపోటు వచ్చినా, పొలంలో యంత్రం కింద చెయ్యి పడినా ఆ ఒక్కరే చూసి, పెద్ద ఆసుపత్రికి హెలికాప్టర్ పిలవాలి. గాలి ఎక్కువై హెలికాప్టర్ రాలేనంటే అంబులెన్స్‌లో గంటల ప్రయాణం. నా సలహా తీసుకుని అటువైపు వెళ్లిన ఒక కుర్రాడు ఏడాదిన్నరకే నీరసించిపోయాడు. ఆ ఏడాదిన్నరలో ఒక్క టోర్నడో కూడా ఆ ఊరి దరిదాపులకు రాలేదు. అతన్ని పిండేసింది మూడు రాత్రులకోసారి పడే కాల్ డ్యూటీ, అంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాల్సిన డ్యూటీ. ‘కాల్స్ మామూలుగానే ఉంటాయి’ అని నోటిమాటగా చెప్పారట, కాగితం మీద ఏమీ లేదు. కాబట్టి నెలకు ఎన్ని రాత్రులు, సెలవులో ఎవరు బదులు వస్తారు, ఉద్యోగం వదిలాక పాత రోగులు వేసే కోర్టు కేసులకు బీమా ఎవరు కడతారు అన్నవి అంకెలతో సహా రాయించుకోవాలి.

అల్లుడుగారి ‘తన ఇష్టం’ కూడా నాకు అంత ధైర్యం ఇవ్వడం లేదు. ఇంటి నుంచి పనిచేయడానికి ఆయన కంపెనీ ఒప్పుకుంటుందా? ఆయన వీసా ఏమిటి? విచిటా నగరం రెండున్నర గంటల దూరంలో ఉన్న ఊళ్లో, భార్య రాత్రిళ్లు ఆసుపత్రిలో ఉంటే, మాట్లాడే మనిషి లేకుండా ఎన్నాళ్లు ఉండగలడు? ఈ ప్రశ్న మీరు అడిగితే మామగారి ప్రశ్న అవుతుంది. మీ అమ్మాయినే అడగమనండి. ఇద్దరూ వెళ్లి చూసి వచ్చాక, ఇల్లు బాగుండి, కాగితం బాగుండి, ఆయన మనస్ఫూర్తిగా సరేనంటే నిశ్చింతగా సంతకం పెట్టమనండి.

మీరు, అమ్మగారు చూడటానికి వెళ్లేది సెప్టెంబరు, అక్టోబరులో పెట్టుకోండి. వసంతకాలం, ముఖ్యంగా మే నెల, అక్కడ టోర్నడోల కాలం. వెళ్లాక ఆకాశం నిర్మలంగా ఉన్న ఒక మధ్యాహ్నం ఊరంతా సైరన్ మోగితే కంగారుపడి బేస్‌మెంట్‌కు పరుగెత్తకండి. చాలా ఊళ్లలో వారానికోసారో నెలకోసారో సైరన్లు పనిచేస్తున్నాయో లేదో అలా మోగించి చూసుకుంటారు. ఏ రోజు, ఎన్ని గంటలకో అమ్మాయిని ముందే అడిగి తెలుసుకోండి.