ముందు ఊరు, తర్వాతే దేశం

చి. సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

మీ ఆయన ముత్తాత పుట్టిన దేశం 1910 అమెరికా సెన్సస్‌లో (జనాభా లెక్కల్లో) ఆస్ట్రియా అని, 1930లో పోలండ్ అని ఉంది, ఇప్పుడు మ్యాప్‌లో చూస్తే ఆ ప్రాంతం ఉక్రెయిన్‌లో ఉంది, ఇందులో ఏది నిజం అని అడిగావు. మూడూ నిజమే కావచ్చమ్మా. 1795 నుంచి 1918 దాకా పోలండ్ స్వతంత్ర దేశంగా లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి, మీవాళ్ళ ప్రాంతం గలీసియా ఆస్ట్రియా వాటాకి పోయింది. 1918లో ఆస్ట్రియా కూలిపోగానే తూర్పు గలీసియాలోని ల్వీవ్ నగరం మాదంటే మాదని పోలిష్‌వాళ్ళూ ఉక్రేనియన్లూ యుద్ధం చేశారు, పోలండ్ గెలిచింది, మళ్ళీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు గలీసియా సోవియట్ ఉక్రెయిన్‌లో కలిసింది. అందుకే దేశం పేరు పట్టుకుని వెతకొద్దు. ఊరి పేరు కావాలి.

ఆ ఊరి పేరు దొరికేది పోలండ్‌లో కాదు, అమెరికాలోనే. ఆయన పౌరసత్వం 1906 తర్వాత తీసుకుని ఉంటే ఆ దరఖాస్తులో పుట్టిన ఊరు ఉంటుంది. 1907 తర్వాత ఓడ దిగినవాళ్ళకైతే ప్రయాణికుల జాబితాలో స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా రాశారు. పుట్టిన ఊరు రెండో పేజీలో ఉంటుంది, జనం మొదటి పేజీ డౌన్‌లోడ్ చేసుకుని అక్కడితో ఆపేస్తారు! 1936 తర్వాత సోషల్ సెక్యూరిటీకి (అమెరికా ప్రభుత్వ పెన్షన్ పథకానికి) అప్లై చేసి ఉంటే తల్లి పుట్టింటి పేరు కూడా దొరుకుతుంది. వీటన్నిటికంటే నాకు నమ్మకం ఆయన పెళ్ళి జరిగిన పోలిష్ చర్చి రిజిస్టరు మీద, ఎందుకంటే అది రాసిన ఫాదర్‌కి ఆ భాష వచ్చు, ఊరి పేరు సరిగ్గా రాస్తాడు. న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో గుమస్తా ఇంటిపేరు మార్చేశాడని మీ అత్తగారు చెప్పే కథ మాత్రం నమ్మకు. అక్కడివాళ్ళు ఓడ కంపెనీ తెచ్చిన జాబితానే ముందు పెట్టుకుని పేర్లు పిలిచేవాళ్ళు. పేరు మారితే ఇక్కడ స్థిరపడ్డాక వాళ్ళే మార్చుకుని ఉంటారు.

ఊరి పేరు దొరికిందని సంబరపడేలోపు అదే పేరుతో ఇంకెన్ని ఊళ్ళున్నాయో చూడు. దొంబ్రోవా అని వెతికితే మన కొత్తపల్లుల్లాగా లెక్కలేనన్ని వస్తాయి. జిల్లా పేరు కూడా ఉంటేనే ముందుకెళ్ళు. 1880–1902 మధ్య అచ్చయిన పోలిష్ భౌగోళిక నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, చిన్న ఊళ్ళు ఏ చర్చి కిందకి వచ్చేవో అందులో తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది తప్పుతారు. గలీసియాలో రోమన్ కాథలిక్కులు (ఎక్కువగా పోలిష్‌వాళ్ళు), గ్రీకు కాథలిక్కులు (పోప్‌ని ఒప్పుకుంటూనే తూర్పు పద్ధతిలో పూజలు చేసేవాళ్ళు, ఎక్కువగా ఉక్రేనియన్లు) పక్కపక్క ఇళ్ళలో బతికారు, ఒకరినొకరు పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఆ రెండు చర్చిల మధ్య 1863లో కుదిరిన ఒప్పందం ప్రకారం అలాంటి ఇంట్లో కొడుకులకి తండ్రి చర్చి, కూతుళ్ళకి తల్లి చర్చి. అంటే అన్న పేరు ఒక చర్చి పుస్తకంలో, చెల్లెలి పేరు ఇంకో చర్చి పుస్తకంలో ఉండొచ్చు. 'మాది అచ్చమైన పోలిష్ కుటుంబం' అని మీ అత్తగారు గట్టిగా అంటారు కదా, ఆవిడతో వాదించకు, కానీ రెండు చర్చిల పుస్తకాలూ చూడు.

1784 నుంచి ఆ చర్చి పుస్తకాలు గళ్ళు గీసి, ఎక్కువగా లాటిన్‌లో రాశారు. లాటిన్ అని భయపడకు, ఓ ఇరవై ముప్పై మాటలు తెలిస్తే చాలు. తేదీ కంటే ముందు ఇంటి నంబరు గడి చూడు. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న ముగ్గురు యాన్‌లు, ముగ్గురి భార్యల పేర్లూ మరియానే అయినప్పుడు, ఎవరి పిల్లలు ఎవరో తేల్చేది ఆ నంబరే. జ్ఞానస్నానం, పెళ్ళి, చావు, మూడింట్లోనూ నంబరు ఉంటుంది. అందుకే ఆ ముత్తాత ఒక్కడినే కాకుండా ఆ ఇంటి నంబరు మీద కనిపించిన ప్రతి పేరునీ ఎక్సెల్‌లో ఎక్కించుకో. విసుగొస్తుంది, నాకు తెలుసు. మా కోడలి వాళ్ళ వంశం ఇలాగే తేలింది.

తూర్పు గలీసియా పుస్తకాలు కొన్ని వార్సాలోని పాత రికార్డుల కేంద్ర ఆర్కైవ్‌లో, కొన్ని ల్వీవ్‌లోని చారిత్రక ఆర్కైవ్‌లో ఉన్నాయి, కాబట్టి ఒకచోట లేదనగానే వదిలేయకు. డీఎన్‌ఏ టెస్టుకి ఇప్పుడే డబ్బులు పెట్టొద్దు, ఊరు తేలాక చూద్దాం.

ముందు ఆ ఓడ జాబితా రెండు పేజీలూ వాట్సాప్‌లో కాదు, మెయిల్‌లో పంపు. వాట్సాప్‌లో అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

మీ పెదనాన్న