సమాధానం: ఇంటి పన్ను రసీదు కోసం సంచంతా తిరగేయాల్సి వస్తోందా?

బిల్లులు, బ్యాంకు ఉత్తరాలు, ఇంటి పన్ను రసీదులు అన్నీ ఒకే బట్టల షాపు సంచిలో పడేస్తున్నామని, కావాల్సినప్పుడు ఒక్కటీ దొరకట్లేదని రాశారు కదండీ. సంచి మొత్తం ఒకేరోజు సర్దేయాలని కూర్చోకండి, మధ్యలోనే విసుగొస్తుంది. ఇకనుంచి వచ్చేవాటికి గుమ్మం దగ్గర ఒక ట్రే పెట్టి, ఆదివారం ఆదివారం ఖాళీ చేయండి. కరెంటు బిల్లయితే, వచ్చే నెల బిల్లులో పాత బాకీ లేదని చూసుకుని చింపేయొచ్చు.

పాత సంచిలోంచి మాత్రం ముందు ఇంటి కాగితాలు బయటికి తీయండి. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), ఈసీ (ఇంటిమీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్టులు చూపే సర్టిఫికెట్), పన్ను రసీదులు ఒకే ఫైల్లో, పాతవాటి నుంచి కొత్తవాటిదాకా తేదీల వరసలో ఉండాలి. అమ్మకానికైనా, లోనుకైనా లాయరు చూసేది ఆ వరసే. పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, తీసేయండి. ఎవరెంత చెప్పినా లామినేషన్ వద్దు. దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు గానీ, లోను దగ్గర బ్యాంకులు ఒరిజినలే అడుగుతాయి.

మిక్సీ, ఫ్రిజ్ బిల్లులు నున్నటి థర్మల్ కాగితమైతే కొన్నాళ్లకే అక్షరాలు మాయమవుతాయి. వారంటీ కార్డుతో కలిపి జిరాక్స్ తీయించండి. డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉంటే అవీ చెల్లుతాయి. ఇక పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు చింపకుండా కాగితాలవాడికి వేయకండి, మీ అకౌంటు నంబరు ఏ బజ్జీల పొట్లంలోనో తేలుతుంది!