స్టార్లు సరే, ఇచ్చిందెవరు?

ప్ర: బీసెంట్ రోడ్డులో మాకు చిన్న చెప్పుల షాపు ఉంది. ఒక కొత్త రివ్యూ వెబ్‌సైటు తరఫున కుర్రాళ్లు వచ్చారు. అందులో మన స్నేహితులు, బంధువులు రాసిన రివ్యూలే ముందు కనిపిస్తాయట. పేరు ఉచితంగానే ఎక్కిస్తామంటున్నారు గానీ, పైవరసలో కనిపించాలంటే ఏడాదికి డబ్బు కట్టాలట. గూగుల్, జస్ట్‌డయల్ ఉండగా ఇది అవసరమా?
– ఒక వ్యాపారి, విజయవాడ

జ: ఉచిత నమోదు చేయించుకోండి. డబ్బు ఇప్పుడే కట్టొద్దు.

ఇలాంటి సైటుకు మొదటి చిక్కు ఖాళీగా ఉండటం. రివ్యూలు లేకపోతే జనం రారు, జనం రాకపోతే రివ్యూలు రావు. ఇప్పుడు మన దగ్గర బాగా నిలదొక్కుకున్నవాళ్లలో చాలామంది రివ్యూలతో మొదలుపెట్టలేదు, గమనించండి. 1996లో మొదలైన జస్ట్‌డయల్‌కు జనం ఫోన్ చేసింది షాపుల నంబర్ల కోసం. జొమాటో 2008లో ఫుడీబే అన్న పేరుతో వచ్చినప్పుడు హోటళ్ల మెనూ కార్డులను స్కాన్ చేసి పెట్టింది. ధరలు చూడ్డానికి వచ్చినవాళ్లే ఆ తర్వాత రివ్యూలూ రాశారు. గూగుల్ సంగతి చెప్పనక్కర్లేదు, దారి వెతుక్కోవడానికి మ్యాప్ ఎలాగూ తెరుస్తాం. రివ్యూలు తప్ప ఇంకేమీ లేని సైటును రోజూ తెరవాల్సిన పనేముంది?

స్నేహితుల రివ్యూలు అన్న ఆలోచన మాత్రం చెడ్డది కాదు. అమెరికాలో 2004లో పుట్టిన యెల్ప్ అనే రివ్యూ సైటులో కూడా స్నేహితుల జాబితాలు, రాసేవాళ్ల ప్రొఫైళ్లు ఉన్నాయి. బాగా రాసేవాళ్లకు ‘ఎలీట్’ గుర్తింపు ఇచ్చి, పార్టీలకు పిలిచి మరీ రాయించుకుంది. ఆ సైటు మన దగ్గర లేదు. ఉన్నా ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. బావమరిది స్నేహితుడి షాపులో కొన్న చెప్పులు నెలకే తెగిపోయాయని సొంత పేరుతో, బంధువులందరూ చూసేచోట ఎవరు రాస్తారు? మొహమాటం అడ్డొస్తుంది. అందుకే తెలిసినవాళ్ల మధ్య నడిచే సైటులో అన్నీ నాలుగు, ఐదు స్టార్లే కనిపిస్తాయి. తెలియనివాళ్ల రివ్యూల్లో దొంగవి ఎక్కువే, నిజమే. కానీ తిట్టు నిర్మొహమాటంగా వచ్చేదీ అక్కడే.

ఆ కుర్రాళ్లు మళ్లీ వస్తే మూడు విషయాలు అడగండి. గత మూడు నెలల్లో విజయవాడ షాపుల మీద ఎన్ని రివ్యూలు వచ్చాయి? డబ్బు కట్టినవాళ్ల పేరు పక్కన ‘ప్రకటన’ అని రాస్తారా? కట్టడం మానేస్తే ఉన్న రివ్యూలు ఉంటాయా, పోతాయా? నోటిమాట చాలదు, సైటు తెరిచి చూపించమనండి. బెంజ్ సర్కిల్ టిఫిన్ సెంటర్లు, ఆటోనగర్ మెకానిక్‌లు, పటమట ట్యూషన్లు, ఇలా మీకు బాగా తెలిసిన నాలుగైదు రకాలు వెతకండి. ఒక్కోదానికి ఈ ఆరు నెలల్లో రాసినవి పదైనా లేకపోతే మీ ఖాతాదారులు ఇంకా అక్కడికి చేరలేదనే లెక్క.

ఈలోగా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో, మ్యాప్‌లో మీ షాపు గురించి కనిపించే వివరాలు, సరిచేసుకోండి. అది ఉచితం. షాపు మీదేనని రుజువుగా చాలాసార్లు వీడియో అడుగుతారు. వీధి, బోర్డు, లోపలి సరుకు, కౌంటర్ తాళం తీయడం వరకు ఆపకుండా ఒకే వీడియోగా తీయండి. బోర్డు మీద ఒక పేరు, ప్రొఫైల్‌లో ఇంకో పేరు ఉంటే తిరగ్గొడతారు. తర్వాత ఆ ప్రొఫైల్‌లో రివ్యూలు అడిగే చోట ఒక లింకు, క్యూఆర్ కోడ్ వస్తాయి. ఆ కోడ్‌ను ప్రింటు తీసి కౌంటర్ మీద అతికించండి. రివ్యూ రాస్తే పది శాతం తగ్గింపు అని మాత్రం పెట్టకండి. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. మెచ్చుకునేవాళ్లనే ఏరి అడగడమూ కుదరదు.

ప్ర: పళ్ల డాక్టరు కోసం నెట్‌లో చూస్తే అందరికీ 4.8, 4.9 రేటింగులే. ఏది నిజమో ఎలా తెలుస్తుంది?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జ: సగటు అంకెను పక్కన పెట్టండి. రివ్యూలను ‘కొత్తవి ముందు’ అని వరస మార్చి చదవండి. ఒకే వారంలో పాతిక వచ్చి, తర్వాత నెలల తరబడి ఒక్కటీ లేకపోతే ఎవరో కూర్చుని రాయించారన్నమాట. తర్వాత రాసినవాళ్ల పేరు నొక్కండి. ఒకే మనిషి గుంటూరులో పళ్ల ఆసుపత్రికి, పుణేలో ఇల్లు మార్చే కంపెనీకి, కోయంబత్తూరులో టైల్స్ షాపుకి ఒకే రోజు ఐదేసి స్టార్లు ఇచ్చాడనుకోండి, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ‘గుడ్ సర్వీస్, నైస్ స్టాఫ్’ అన్నవాటిని వదిలేయండి. రూట్ కెనాల్‌కు ఎన్నిసార్లు రమ్మన్నారు, క్యాపుకు ముందు చెప్పిన ధర ఎంత, చివరికి తీసుకున్నది ఎంత అని రాసినవాటికే విలువ. మూడు స్టార్ల రివ్యూలు తప్పక చదవండి. మంచీ చెడూ రెండూ సాధారణంగా అక్కడే దొరుకుతాయి.

కొత్త సైటులో పది రివ్యూలే ఉన్నచోట రేటింగును అసలు లెక్కలోకి తీసుకోవద్దు. పదీ ఐదు స్టార్లవే అయినా, పదకొండోవాడు ఒక్క స్టార్ ఇస్తే 4.6కి పడిపోతుంది. అదే 200 రివ్యూలతో 4.5 ఉన్నచోట ఒక్క స్టార్ వచ్చి చేరినా 4.5గానే కనిపిస్తుంది.

జస్ట్‌డయల్ లాంటి చోట ఎంక్వైరీ పెడితే మీ నంబరు ఒక్కరికే పోదు. పలువురి నుంచి ఫోన్లు వస్తాయి. నాలుగు ధరలు పోల్చుకోవాలంటే అది మంచిదే. ఒక్క డాక్టరు కోసమైతే తలనొప్పి.

ప్ర: ఆ స్నేహితుల రివ్యూ సైటు యాప్ వేసుకుంటే ఫోన్‌లోని నంబర్లన్నీ చూడ్డానికి అనుమతి అడుగుతోంది. ఇవ్వాలా?
– ఒక విద్యార్థి, మొగల్రాజపురం

జ: వద్దు. మీ ఫోన్‌లోని నంబర్లు మీవి కావు, అవతలివాళ్లవి. అలాంటి యాప్‌లు మీ పేరుతో అందరికీ ఆహ్వానాలు పంపే ప్రమాదమూ ఉంది. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్ పేరు, పర్మిషన్స్, కాంటాక్ట్స్ వరుసలో వెళ్లి ‘అనుమతించవద్దు’ నొక్కండి. ఆ తర్వాత కూడా అప్పటికే సర్వరుకు చేరిన నంబర్లు అక్కడే ఉంటాయి. యాప్ లోపల ‘అప్‌లోడ్ చేసిన కాంటాక్ట్‌లను తొలగించు’ అనేది ఉందేమో వెతకండి. లేకపోతే వాళ్లకు మెయిల్ రాసి తీసేయమనండి. అనుమతి లేకుండా ఒక్కొక్క స్నేహితుణ్ణీ వెతికి కలుపుకునే వీలు లేని యాప్ అయితే తీసేయడమే నయం.

ప్ర: మా మెస్‌కు ఎప్పుడూ రాని మనిషి ఒక్క స్టార్ ఇచ్చాడు. తీయించవచ్చా?
– ఒక మెస్ యజమాని, లక్ష్మీపురం, గుంటూరు

జ: గూగుల్‌లో అయితే ఆ రివ్యూ పక్కన మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి. కారణం సరిగ్గా ఎంచుకోవడం ముఖ్యం. ‘నచ్చలేదు’ అన్నది వాళ్ల లెక్కలో కారణమే కాదు. పోటీదారు రాసిందైతే ప్రయోజనాల వైరుధ్యం, మెస్‌తో సంబంధం లేని గొడవైతే అసందర్భం. మీ ఫిర్యాదును కొట్టేస్తే ఒకసారి అప్పీలు ఉంటుంది. ఈలోగా రెండు వాక్యాల్లో మర్యాదగా జవాబివ్వండి: ‘ఏ రోజు, ఏ పూట వచ్చారో చెప్పండి, బిల్లు చూసి సరిచేస్తాం.’ కొత్తగా వచ్చేవాళ్లు తిట్టుతో పాటు మీ జవాబునూ చదువుతారు.

రివ్యూల సైట్లు పాటించాల్సిన పద్ధతుల మీద భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. రాసేవాళ్లెవరో నిర్ధారించుకోవాలి, డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకూడదు అంటుంది. వచ్చినప్పుడు దాన్ని స్వచ్ఛందంగానే పెట్టారు. ఏదైనా కొత్త సైటు తాము దాన్ని పాటిస్తున్నామంటే, నిర్ధారణ ఎలా చేస్తారో అడగండి. వట్టి ఓటీపీ అయితే అది ఫోన్ నంబరును రుజువు చేస్తుంది గానీ, ఆ మనిషి మీ మెస్‌లో భోంచేశాడని కాదు.

ప్ర: కొత్త సైటు మూతపడితే నేను రాసినవన్నీ పోతాయా?
– మరో పాఠకుడు, తాడేపల్లి

జ: చాలావరకు పోతాయి. ఎక్కడున్నామో స్నేహితులకు చెప్పే పద్ధతితో ఒకప్పుడు మోత మోగించిన ఫోర్‌స్క్వేర్ సిటీ గైడ్ యాప్‌నే 2024 డిసెంబరులో ఆపేశారు. గూగుల్‌లో రాసినవి, మన డేటాను దించుకోవడానికి వాళ్లిచ్చే ‘టేకౌట్’ ద్వారా తెచ్చుకోవచ్చు. కొత్త సైటులో అలాంటి సదుపాయం లేకపోతే ముందు ఫోన్ నోట్స్‌లో రాసుకుని, అక్కడి నుంచి కాపీ చేసి పెట్టండి.