మామ్మ చేతుల బొమ్మకి అర్థం ఎలా రాయాలి, ఎలా చెప్పాలి?

పలాస నుంచి ఒక చెల్లి అడిగింది. పొందూరు ఖద్దరు మీద, జీడిపిక్కలు కొట్టే తన మామ్మ చేతులు గీసింది. వెనక తిత్లీ తుఫానుకి విరిగిన కొబ్బరి చెట్టు, దాని పక్కన చిన్న మొక్క. చేతుల మీది మరకలకి రంగు కాకుండా జీడి చమురే వాడింది. కాలేజీ ప్రదర్శనలో బొమ్మ పక్కన చీటీ పెట్టాలి, వచ్చినవాళ్లకి రెండు నిమిషాలు చెప్పాలి. "మనసులో ఉంది గానీ మాట రావట్లేదు" అంటోంది.

చెల్లీ, "శ్రామిక స్త్రీ వేదన", "ప్రకృతి ప్రకోపం" లాంటి మాటలతో మొదలెడితే ఎవరికైనా మాట ఆగిపోతుంది. అవి ఏ బొమ్మ కిందైనా అతుకుతాయి. నీ బొమ్మకే అతికేవి నువ్వు ఏరుకున్న వస్తువులు. కాగితం మీద ఒక్కోదాని పేరు రాసి, ఎదురుగా "ఇదే ఎందుకు? ఇంకోటి పెడితే ఏం పోతుంది?" అన్నదానికి జవాబు రాయి. ఏమీ పోదు అనిపించినదాన్ని చీటీలోకి తేకు. మూడు మిగిలితే చాలు.

నా లెక్కలో నీ బొమ్మకి ప్రాణం జీడి చమురు. పిక్క పెంకులోని ఆ చమురు చర్మాన్ని కాలుస్తుంది, చేతులు నల్లబడి పొరలు లేస్తాయి. అందుకే పిక్కలు కొట్టేవాళ్లు బూడిదో ఆముదమో రాసుకుంటారు. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో ఇది అందరికీ తెలిసిందే, బయటివాళ్లకి తెలీదు. కాబట్టి ఒక వాక్యం దీనికి ఇవ్వాల్సిందే. చాకలి గుర్తు పెట్టే నల్లజీడి వేరు, జీడిమామిడి వేరు. చాలామంది కలిపేస్తారు, "జీడిమామిడి పిక్క" అని స్పష్టంగా రాయి.

ఇంకో సంగతి. పచ్చి చమురు తొందరగా ఆరదు, ముట్టుకున్నవాళ్ల వేళ్లు బొబ్బలెక్కొచ్చు. అద్దం వేయించు, అద్దం గుడ్డకి తగలకుండా మధ్యలో చెక్క పట్టీ పెట్టించు. నువ్వూ గ్లౌజులు వేసుకునే తగిలించు. "తాకవద్దు" అని విడిగా రాసి పెట్టు.

ఖద్దరు గురించి "స్వదేశీ" అని రాస్తే పొడిగా ఉంటుంది. పొందూరు సన్న ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో, చేత్తోనే శుభ్రం చేస్తారు. చేతుల బొమ్మకి చేతుల గుడ్డ, అదీ కారణం. అయితే నువ్వు కొన్న గుడ్డ అలా తయారైందో లేదో అడిగి తెలుసుకున్నాకే రాయి.

చెట్టు దగ్గర "భయంకర తుఫాను" వద్దు, తేదీ చాలు: 2018 అక్టోబరు 11. మొక్కని "ఆశకు ప్రతీక" అనకు. నాటు కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుందని చెప్పు. అన్నేళ్లు ఇల్లు దేనిమీద నడిచిందో చేతులు చూసినవాళ్లకే తెలుస్తుంది.

చీటీ ఇలా రావచ్చు, మీ ఇంటి సంగతులకి సరిపడా మార్చుకో:

"మా మామ్మ జీడిమామిడి పిక్కలు కొడుతుంది. పెంకులోని చమురు చేతుల్ని కాలుస్తుంది. ఈ మరకలు ఆ చమురువే. 2018 అక్టోబరు 11న తిత్లీకి మా కొబ్బరి చెట్లు పడిపోయాయి. మళ్లీ వేసిన మొక్కలు కాపుకొచ్చేదాకా ఆరేడేళ్లు."

అక్కడ ఆపెయ్. పైన బొమ్మ పేరు, గీసిన సంవత్సరం, వాడిన సామాను, కొలత. చీటీ పొడుగైతే జనం దాన్ని చదివి, బొమ్మ చూడకుండానే పోతారు. అక్షరం మూడడుగుల దూరం నుంచి ఆనాలి. కుడిపక్క, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున అంటించు.

గోడకెక్కించే ముందు మామ్మకి చదివి వినిపించు. చేతులు ఆవిడవి, వద్దన్న మాట తీసెయ్యాలి. ఆ పని గురించి ఆవిడ వాడే మాట ఏదైనా ఉంటే మన యాస సరిదిద్దకుండా అలాగే పెట్టు.

మాట్లాడేటప్పుడు చీటీ మళ్లీ చదవకు. వచ్చినవాళ్లని పది సెకన్లు ఊరికే చూడనీ. ఎవరైనా "గోరింటాకా?" అని అడగొచ్చు. చిన్నబుచ్చుకోకు, "ఎక్కడ అలా అనిపించింది?" అని అడుగు. వాళ్ల వేలు మరక వైపు చూపించాక చమురు సంగతి చెప్పు.