డ్రాగన్ ఫ్రూట్‌లో మగ మొక్కలు ఉండవు, ముందు యూరియా ఆపండి

రైతు సందేహం: మాది నల్లగొండ జిల్లా చండూరు మండలం. ఎకరం ఎర్ర చల్కల ఎర్ర గుజ్జు డ్రాగన్ ఫ్రూట్ పెట్టి రెండేండ్లయింది. 440 పోల్స్, పోల్‌కు నాలుగు మొక్కలు. చెట్లు మస్తు గుబురుగ, నల్లగ పెరిగినయి కని పూత లేదు. జూన్‌ల కొన్ని మొగ్గలొచ్చి సగం పసుపు పడి రాలినయి, నాలుగైదు పువ్వులు విచ్చినా కాయ నిలవలే. పక్క ఊరోళ్లు కాయలు కోస్తున్నరు. మందుల షాపాయన మీకు మగ మొక్కలు అంటగట్టిన్రు అన్నడు, పూత మందని ఇస్తే రెండుసార్లు కొట్టిన. పీకేసి వేరేవి పెట్టాల్నా? ఇంటి ముందర కుండీల బ్రహ్మకమలం గూడ మూడేండ్ల సంది పూస్తలేదు.

జవాబు: పీకకండి. డ్రాగన్ ఫ్రూట్ బొప్పాయి కాదు, మగ చెట్టు ఆడ చెట్టు అని వేరే ఉండదు, ఒకటే పువ్వులో పుప్పొడీ ఉంటుంది, ఆ పుప్పొడిని అందుకునే కీలాగ్రమూ ఉంటుంది. ఆ మాట చెప్పినాయన ఈ చెట్టు పువ్వును రాత్రిపూట ఒక్కసారి కూడా చూసి ఉండడు.

మీరు పంపిన ఫోటోలు చూశా. డ్రిప్పర్ చుట్టూ మట్టి మీద పచ్చగా పాచి పట్టి ఉంది, అంటే రోజూ నీళ్లు వదులుతున్నారు. పోల్ పైన కొమ్మలు ఆనుకునే రింగు కింద, పోల్ పొడవునా లేత పిలకలు పైకి లేచి ఉన్నాయి, ఒక్కటి కూడా కత్తిరించలేదు. యూరియా ఎంత వేశారో మీరు రాయలేదు కానీ చెట్టే చెప్తోంది. ఒళ్లు చేసిన బర్రె ఎదకు రానట్టే నత్రజని, నీళ్లు ఎక్కువైన చెట్టు కొమ్మలు వేస్తుంది తప్ప మొగ్గ వేయదు. పూత వచ్చేది ముదిరి, రింగు దాటి కిందికి వేలాడే కొమ్మల మీద, మీ దగ్గర అవి పోల్‌కు నాలుగైదు కూడా లేవు.

ఇక ఆ పూత మందు. సీసా మీద గిబ్బరెల్లిక్ ఆమ్లం అని ఉంది, అది కొమ్మ సాగడానికి పనికొస్తుంది, ఈ పంటలో పూతను ఇంకా వెనక్కి నెడుతుంది. డబ్బులిచ్చి మరీ పూత ఆపుకున్నారు. షాపులో పూత రావట్లేదంటే ఒక సీసా, మొగ్గ రాలిందంటే ఇంకో సీసా చేతిలో పెడతారు, తోటకు వచ్చి చూసేవాళ్లు ఎవరు? ఏ మందైనా కొనేముందు లేబుల్ మీద మందు పేరు చదవండి, చదవడం రాకపోతే ఇంట్లో పిల్లలతో చదివించండి.

ఇప్పుడు చేయాల్సింది. యూరియా, నత్రజని ఉండే 19:19:19 ఎరువు రెండూ ఈ సీజన్‌కు బంద్. పోల్‌కు 350 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 150 గ్రాముల పొటాష్ మొదలుకు అడుగు దూరంలో వేసి మట్టి కప్పండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. వానలు పడుతుంటే డ్రిప్ ముట్టుకోవద్దు, ఎండ కాస్తే వారానికి రెండుసార్లు పోల్‌కు 8 నుంచి 10 లీటర్లు చాలు. రింగు కింద పిలకలన్నీ వాన లేని రోజు చూసి పదునైన కత్తెరతో తీసేసి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కోసిన చోట కొట్టండి. పెద్ద కత్తిరింపులు మాత్రం ఇప్పుడు కాదు, కోత అయిపోయాక నవంబర్, డిసెంబర్‌లో. ఇంకో పదిహేను రోజులయ్యాక నత్రజని లేని 0:52:34 ఎరువు లీటరుకు 5 గ్రాములు ఒక్కసారి కొడితే కొట్టండి, లేకపోయినా నష్టం లేదు.

రాత్రి లైట్లు పెట్టమని కూడా ఎవరో ఒకరు చెప్తారు, వినకండి. ఈ చెట్టు పగలు 12 గంటలు దాటితే పూతకొచ్చే రకం, జూన్‌లో మన దగ్గర పగలు 13 గంటలకు పైనే. లైట్ల అవసరం చలికాలంలో కాపు కావాలనుకునేవాళ్లకు, అది కూడా తోట బాగా ముదిరాక.

రాలడం గురించి విడిగా చెప్పాలి, మీరు రెండూ కలిపేశారు. మొగ్గ గోళీకాయంత ఉండగానే పసుపు పడితే నీళ్లు ఎక్కువో ఎండ ఎక్కువో అయ్యుంటుంది, కొంత రాలడం మామూలే. పువ్వు విచ్చాక నాలుగైదు రోజులకు అడుగు భాగం పసుపుపడి రాలితే అది పరాగం అందకే. పువ్వు రాత్రి 7 దాటాక విచ్చడం మొదలుపెట్టి 10, 11 కల్లా మొత్తం తెరుచుకుంటుంది, తెల్లారి ఎండ తగలగానే వాలిపోతుంది, దాని ఆయుష్షు ఆ ఒక్క రాత్రే. దీని సొంతగడ్డ మధ్య అమెరికాలో గబ్బిలాలు, రాత్రి తిరిగే పెద్ద రెక్కల పురుగులు ఆ పని చూసుకుంటాయి, మనకు తెల్లవారుజామున వచ్చే తేనెటీగలే దిక్కు, మీరేమో పొద్దున్నే మందు పంపు ఎత్తుకుని తోటలోకి దిగుతారు! పువ్వులున్న రోజుల్లో పురుగుమందు వాసన కూడా తోటలో ఉండొద్దు. మొగ్గల మీద చీమలు కనిపించాయని మందు కొట్టేవాళ్లున్నారు, అవి వచ్చేది అక్కడ ఊరే తీపి కోసం.

పైగా ఎర్ర గుజ్జు రకాల్లో కొన్నింటికి సొంత పుప్పొడి పనికిరాదు. తెల్ల గుజ్జు తోట దగ్గర్లో ఎవరిదైనా ఉంటే పూసిన రాత్రి వాళ్లనడిగి పుప్పొడిని తడి లేని డబ్బాలోకి దులుపుకోండి, 9 నుంచి తెల్లారి 6 లోపు మెత్తటి బ్రష్‌తో మీ పువ్వు మధ్యలో చుక్కలా విచ్చుకున్న కీలాగ్రం మీద నిండుగా రాయండి. టార్చి పట్టడానికి ఇంకో మనిషి కావాలి. గాలి, వాన ఉంటే పని సరిగ్గా సాగదు. అంటిన పువ్వు కాయై 30, 35 రోజుల్లో కోతకొస్తుంది. వచ్చే ఏడు గట్టు వెంబడి ఓ ఇరవై పోల్స్ తెల్ల రకం పెట్టుకుంటే ఈ అడుక్కోవడం ఉండదు.

అక్టోబర్ దాకా విడతలు విడతలుగా పూత వస్తుంది కాబట్టి ఈ ఏడు కొంతైనా చూస్తారు, కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. నర్సరీవాళ్లు ఏడాదికే కాపు అంటారు, నిజానికి కొద్దిగా పూత కనిపించడానికే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, చెప్పుకోదగ్గ కాపు మూడో ఏడే.

మీ కుండీలో బ్రహ్మకమలం కూడా డ్రాగన్ ఫ్రూట్ లాగే కాక్టస్ కుటుంబానిదే, రాత్రే పూస్తుంది. కుండీ మార్చకండి, వేర్లు కాస్త ఇరుకుగా ఉంటేనే దానికి పూత. పొద్దుటి ఎండ మూడు గంటలు తగిలే చోట పెట్టి, పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. మొగ్గ కనిపించాక కుండీని అటూ ఇటూ జరపొద్దు.

మీ బోరు నీళ్లు అర లీటరు శుభ్రమైన సీసాలో, పోల్స్ మధ్య నుంచి జానెడు లోతు మట్టి అర కిలో ఎండబెట్టి కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి (కేవీకే) తీసుకెళ్లి పరీక్ష ఎక్కడ చేయించాలో అడగండి. ఆ రిపోర్ట్ వచ్చేదాకా పైన చెప్పినవి తప్ప వేరే బస్తా, సీసా ఏదీ కొనొద్దు.