కూబర్ పీడీలో అంగడి తీసుకుంటున్న అల్లుడికి

అల్లుడూ,

ఆస్ట్రేలియాలో ఆ కూబర్ పీడీలో సరుకుల అంగడి లీజుకు తీసుకుంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. మన తుగ్గలి పిల్లోడు అంత దూరంలో, ఆ ఎడారిలో సొంత వ్యాపారం పెడుతున్నాడంటే నాకు చాలా గర్వంగా ఉంది. కానీ ఆ ఊళ్లో అన్నేళ్లు బతికినవాణ్ని కదా, రాత్రి నిద్ర పట్టలేదు.

లీజు కాగితాలు లాయరుకు చూపించు. ఇన్సూరెన్స్ కట్టు. ఇవి నీకు ఎవరైనా చెబుతారు.

నా భయమల్లా గుంతల గురించే. 1915లో బంగారం వెతకడానికి వచ్చిన తండ్రి వెంట ఉన్న పద్నాలుగేళ్ల విల్లీ హచిసన్ కంటికి అక్కడ ఓపల్ రాళ్లు, అంటే రంగులు మెరిసే విలువైన రాళ్లు, పడ్డాయి. అప్పట్నుంచి ఆ నేలను తవ్వుతూనే ఉన్నారు. తవ్వినవి చాలావరకు పూడ్చరు. మనిషి పట్టేంత నోరు, కిందికి చూస్తే అడుగు కనపడదు. వెనక్కి నడవొద్దని, పరుగెత్తొద్దని బోర్డులు పెట్టి ఉంటాయి. ఫోటోల పిచ్చి ఉన్నోడివి, ఆ బోర్డులు నీకోసమే అనుకో. చీకటి పడ్డాక హైవే మీద కారు కూడా తీయొద్దు, కంగారూలు అడ్డం వస్తాయి. ఎంత పెద్దవాడివైనా ఈ విషయంలో నేను తిడుతూనే ఉంటాను.

ఇక డబ్బు సంగతి. ఆ ఊళ్లో గనిని నడిపే పెద్ద కంపెనీ అంటూ లేదు. చిన్న చిన్న క్లెయిములు, అంటే తవ్వుకోవడానికి హక్కున్న నేల ముక్కలు, తీసుకుని ఒక్కొక్కరు, ఇద్దరిద్దరు తవ్వుకుంటారు. అందుకే నెల జీతం మీద నడిచే ఊరు కాదది. రాయి దొరికినోడు నోట్లకట్టతో వస్తాడు, దొరకనోడు అప్పు రాసుకోమంటాడు. మన జొన్నగిరి చేలల్లో తొలకరికి వజ్రాలు వెతికేవాళ్లను చూశావుగా, దొరికినోడి కథే ఊరంతా తిరుగుతుంది.

నేను మొదట పనిచేసిన అంగడి యజమాని గ్రీకు మనిషి. బంగారంలాంటివాడు, లెక్కలో పైసా తేడా రానిచ్చేవాడు కాదు. ఒక తవ్వేవాడు ఆయన దగ్గర నెలల తరబడి పిండి, మాంసం, డీజిల్ డబ్బులు అప్పుగా వాడుకున్నాడు. తీర్చలేక, బాకీ బదులు క్లెయిములో వాటా తీసుకోమన్నాడు. ఆయన తీసుకున్నాడు. కొద్ది వారాలకే రాయి పడింది. మోటెల్ గదిలో దిగిన హాంకాంగ్ వ్యాపారి దీపం కింద తిప్పి చూసి, అక్కడికక్కడే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. మంచి రాయే. అది పడకపోయుంటే ఆయన అంగడి మిగిలేది. ఆ తర్వాత పాత బ్లోయర్ లారీ కొన్నాడు, మట్టిని పైకి పీల్చేది. పేలుడు మందు, డీజిల్, రిపేర్లు. అంగడికి సరుకు తెప్పించాల్సిన డబ్బు వాటికి పోయింది. పాచ్ అనే రంగు లేని, విలువ లేని ఓపల్ తప్ప ఏమీ రాలేదు. అరలు ఖాళీ అవుతుంటే, "ఇంకో రెండు మీటర్లు తవ్వితే చాలు" అనేవాడు. ఆయన భార్య వంటింట్లో నాకు టీ ఇస్తూ ఏమీ మాట్లాడేది కాదు. చివరికి అంగడి అమ్మేసి అడిలైడ్ వెళ్లిపోయారు. కాబట్టి అప్పు ఇవ్వు, ఇవ్వకపోతే అక్కడ వ్యాపారం జరగదు. దానికి ఒక హద్దు పెట్టుకో. బాకీ కింద వాటా మాత్రం తీసుకోవద్దు, రాయి కళ్ల ముందు మెరుస్తున్నా సరే.

నీకు నిజంగా గిరాకీ తెచ్చేది రోడ్డు. 1987లో స్టూవర్ట్ హైవే మొత్తం తారురోడ్డు అయ్యాక యాత్రికులు పెరిగారు. వాళ్లు అక్కడి చలికాలంలో వస్తారు, అంటే జూన్, జూలై, ఆగస్టు, మన వానాకాలంలో. డిసెంబరు, జనవరిలో నలభై ఐదు డిగ్రీలు దాటే రోజులుంటాయి, అప్పుడు వీధిలో మనిషి కనపడడు. జూలై లెక్కలు చూపించి లీజు రేటు చెబితే జనవరి లెక్కలు అడుగు. కరెంటు, నీళ్ల బిల్లులు కూడా చూడు. ఫ్రిజ్‌లు ఆపలేవు కదా. నేల కింద తొలిచిన ఇల్లు దొరికితే అద్దెకు తీసుకో, ఏడాదంతా చల్లగా ఉంటుంది.

2022 జనవరిలో వరదలకు ఆ హైవే తెగితే మిలిటరీ విమానంలో తిండి పంపాల్సి వచ్చింది. బియ్యం, పిండి, పాలపొడి ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంచుకో.

ఇంకోటి. 1946లో టాటీ బ్రయంట్ అనే ఆదివాసీ మహిళకు ఎయిట్ మైల్ అనే తవ్వకాల చోట ఓపల్ దొరికింది, దాంతోనే ఆ ఊరు మళ్లీ లేచింది. అంగడికొచ్చిన ఆదివాసీల వెంట అనుమానంగా తిరిగే యజమానులను చూశాను. నువ్వు అలా చేశావని తెలిస్తే నీతో మాట్లాడను. ఆ నేల వాళ్లది నాయనా.

ఊరగాయలు నా దగ్గరున్నాయి, అడిలైడ్‌లో దిగి తీసుకెళ్లు. అక్కణ్నుంచి ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు, ఒక్కరోజులో కొట్టేద్దామనుకోకు. పోర్ట్ అగస్టాలో రాత్రి పడుకుని తెల్లారాక బయల్దేరు. చేరగానే ముందు అక్కకు ఫోన్ చెయ్యి, తర్వాత నాకు.

మీ మామ