గుర్రప్పందేల అంచనాలు రాసి రుసుము తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉద్యోగిని. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో పందేలు ఉన్న రోజున ఏ రేసులో ఏ గుర్రానికి గెలుపు అవకాశం ఉందో విశ్లేషించి మిత్రులకు వాట్సాప్‌లో ఉచితంగా పంపేవాడిని. చదివేవారు పెరగడంతో నెలకు 500 రూపాయల రుసుము పెట్టాను. ఇప్పుడు చిక్కులు వచ్చిపడ్డాయి. నా అంచనాలు నమ్మి నష్టపోయానంటున్న ఒక సభ్యుడు, పోయిన డబ్బంతా నేనే కట్టివ్వకపోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తానంటున్నాడు. జాక్‌పాట్ (వరుసగా కొన్ని రేసుల్లో గెలిచే గుర్రాలన్నిటినీ ముందే చెప్పే పందెం) తగిలితే పది శాతం ఇస్తానని మెసేజ్ పెట్టిన మరొకాయన 1,80,000 రూపాయలు గెలిచాక ముఖం చాటేశాడు. ఇవి చాలవన్నట్టు ఒక బుకీ (పందేలు కట్టించుకునేవాడు) తాలూకు మనిషి, మీ సభ్యులను మా యాప్‌కు పంపితే కమీషన్ ఇస్తామంటున్నాడు. అసలు నేను చేస్తున్నది చట్టబద్ధమేనా? వీటిలో దేనికి ఏం చేయాలి?

జవాబు: గుర్రప్పందెం ఫలితంపై అభిప్రాయం రాయడం గాని, ఆ అభిప్రాయం చదివేందుకు రుసుము తీసుకోవడం గాని నేరం కాదు. అయితే మీ రక్షణ మీరు అభిప్రాయానికి కట్టుబడి ఉన్నంతవరకే. ఫలితానికి మీరు హామీ ఇచ్చినా, ఎదుటివారి పందెం డబ్బులో మీరు చెయ్యి పెట్టినా పరిస్థితి మారిపోతుంది. మీ లేఖలోని చిక్కులన్నీ ఈ గీతకు ఇటో అటో ఉన్నవే కాబట్టి, ముందు ఆ గీత ఎక్కడుందో చూద్దాం.

గుర్రప్పందెం అదృష్టం మీద నడిచే ఆట కాదని, ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన పోటీ అని సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం 1996లో డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ వర్సెస్ తమిళనాడు రాష్ట్రం కేసులో తీర్పు చెప్పింది. గుర్రం పుట్టుక, దాని శిక్షణ, జాకీ సామర్థ్యం వంటివి ఫలితాన్ని నిర్ణయిస్తాయని, వాటిని తెలిసినవాడు బేరీజు వేయగలడని ఆ తీర్పు సారాంశం. మీరు చేస్తున్న పని కూడా అదే కనుక, విశ్లేషణ అనేదే మోసమన్న వాదన న్యాయస్థానంలో నిలవడం కష్టం. ఇంతకుముందు 1967లో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన వ్యవహారంలో కూడా సుప్రీంకోర్టు నైపుణ్యం, అదృష్టం మధ్య తేడాను ఇలాగే పరిశీలించింది.

కానీ ఈ తీర్పును పట్టుకుని గుర్రాల మీద ఎక్కడ, ఎలా పందెం కాసినా తప్పులేదనుకోవడం పెద్ద పొరపాటు, టిప్స్ ఇచ్చేవారిలో చాలామంది సరిగ్గా ఈ పొరపాటే చేస్తారు. తెలంగాణలో అమలులో ఉన్న 1974 నాటి గేమింగ్ చట్టం గుర్రప్పందెం మీద కాసే డబ్బుకు ఇచ్చిన మినహాయింపు చాలా ఇరుకైనది. పందెం జరిగే రోజునే కాయాలి. ప్రభుత్వ అనుమతితో నిర్వాహకులు కేటాయించిన ఆవరణలోనే కాయాలి. లైసెన్సు ఉన్న బుక్‌మేకర్ (బుకీ) దగ్గరో, టోటలైజేటర్ (పందెం డబ్బంతా ఒకచోట చేర్చి గెలిచినవారికి పంచే రేసుకోర్సు వ్యవస్థ, క్లుప్తంగా టోట్) ద్వారానో కాయాలి. ఇవేవీ లేకుండా వీధి చివరి బుకీ దగ్గర ఫోన్‌లో చెప్పి కాసిన పందెం, అదే రేసు మీద, అదే గుర్రం మీద కాసినా జూదమే అవుతుంది. పైగా 2017లో ఈ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా దీని పరిధిలోకి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ కూడా 2020లో తన చట్టాన్ని అదే దారిలో సవరించింది.

కాబట్టి మీ అంచనాలు చదివిన వ్యక్తి రేసుకోర్సు లోపల టికెట్టు కొన్నాడా, బయట బుకీ దగ్గర కాశాడా అన్నది అతని వ్యవహారమే గాని, మీరే బయట బుకీ ఫోన్ నంబరు ఇచ్చారంటే ఆ వ్యవహారంలో మీరూ భాగస్వాములవుతారు.

ఇక్కడే కమీషన్ ప్రస్తావనకు వస్తాను, ఎందుకంటే మీ లేఖలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదే. ఆ యాప్‌కు సభ్యులను పంపవద్దు. పార్లమెంటు 2025లో చేసిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటల విషయంలో నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడాను పక్కన పెట్టేసింది. అంటే 1996 నాటి తీర్పును చూపించి తప్పించుకునే వీలు అక్కడ ఉండకపోవచ్చు. అటువంటి ఆటలకు ప్రచారం చేసేవారికి ఆ చట్టం రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ఆట నిర్వహించేవారికి, చెల్లింపులు సమకూర్చేవారికి శిక్ష ఇంకా ఎక్కువ. ప్రచారమంటే టీవీలో వచ్చే ప్రకటనే కానక్కర్లేదు, కమీషన్ తీసుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టిన లింకు కూడా ప్రచారమేనని ప్రాసిక్యూషన్ తేలికగా వాదించగలదు. దానికి తోడు, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ ముఠాగా ఏర్పడి అనధికార బెట్టింగ్ నడపడాన్ని చిన్న తరహా వ్యవస్థీకృత నేరంగా పరిగణించి, ఒక ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల వరకు శిక్ష విధించింది. బుకీ పట్టుబడిన రోజున అతని ఖాతా నుంచి మీ ఖాతాకు నెలనెలా వచ్చిన కమీషన్ జమలు పోలీసుల కంటపడితే, నేను విశ్లేషకుణ్ణి మాత్రమే అన్న మీ మాటకు విలువ ఉండదు. ఆ మనిషికి కాదని మెసేజ్ ద్వారానే చెప్పి, ఆ మెసేజ్‌ను భద్రపరచుకోండి.

ఇక ఫిర్యాదు చేస్తానంటున్న సభ్యుని సంగతి. మోసం నేరం న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందకు వస్తుంది. ఎదుటివారిని వంచించి, దురుద్దేశంతో వారి చేత డబ్బు ఇప్పించుకుంటే శిక్ష ఏడేళ్ల వరకు ఉండవచ్చు. కానీ ఈ నేరం రుజువు కావాలంటే డబ్బు తీసుకునే నాటికే వంచించే ఉద్దేశం ఉన్నట్టు చూపాలి. అంచనా తప్పడం, దానివల్ల నష్టం రావడం మోసానికి సరిపోవు. అందువల్ల అసలు ప్రశ్న మీరు గుర్రం పేరు సరిగా చెప్పారా లేదా అన్నది కాదు, ఏ మాటలతో చెప్పారన్నది.

రెండు ఉదాహరణలు చూడండి. "ఈ గుర్రం గత రెండు పరుగుల్లోనూ 1200 మీటర్ల రేసు చివర్లో బాగా పుంజుకుంది, ఈసారి దూరం 1400 మీటర్లు, మోయాల్సిన బరువు మూడు కిలోలు తగ్గింది, ట్రాక్ మీద సాధన కూడా చురుగ్గా ఉంది కాబట్టి దీనికి మొదటి అవకాశం ఇస్తున్నాను" అని రాస్తే, అందులో ప్రతి ముక్కా ఎవరైనా రేస్‌కార్డుతో (ఆ రోజు రేసుల, గుర్రాల వివరాలుండే పత్రంతో) సరిచూసుకోగల వాస్తవం, చివరిది మీ అభిప్రాయం. ఆ గుర్రం ఆఖరున వచ్చినా మీ మీద నేరం నిలవదు. "నాలుగో రేసు ఫిక్స్ అయింది, ట్రైనరే నాతో చెప్పాడు, 5,000 పంపితే 50,000 గ్యారంటీ" అని రాస్తే అందులో మూడు వాస్తవ ప్రకటనలున్నాయి. అవి అబద్ధాలైతే ఆ గుర్రం గెలిచినా కూడా మోసమే. ఒకే రేసులో ఒక గ్రూపుకు ఒక గుర్రం, మరో గ్రూపుకు ఇంకో గుర్రం చెప్పి, గెలిచిన గుర్రం పేరు అందుకున్నవారి నుంచే తర్వాత పెద్ద మొత్తాలు వసూలు చేసే పాత ఎత్తుగడ కూడా ఈ సెక్షన్ పరిధిలోనిదే. మీరు అలాంటివారు కారనే అనుకుంటున్నాను. కానీ పోలీస్ స్టేషన్లో కూర్చున్న అధికారి టిప్స్ గ్రూపు అనగానే ముందు ఊహించేది దాన్నేనని గుర్తుంచుకోండి. గత ఏడాదిలో మీరు పంపిన మెసేజ్‌లన్నీ వెనక్కి వెళ్లి చదవండి. "షూర్", "ఫిక్స్", "గ్యారంటీ", "లోపలి సమాచారం" వంటి మాటలు వాడారేమో చూసుకోండి. దొరికినా వాటిని చెరిపేయవద్దు. ఫిర్యాదు బెదిరింపు వచ్చాక మెసేజ్‌లు తొలగించడం తప్పు ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది, పైగా అవతలివారి ఫోన్‌లో అవి ఎలాగూ ఉంటాయి.

ఆ సభ్యుడు వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. రుసుము తీసుకున్నారు కనుక మీది సేవే. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావని సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పింది గాని, ఆ అదృష్టం టిప్స్ రాసేవారికి ఇంకా పట్టలేదు. అక్కడ కూడా పరీక్ష ఇదే: చెప్పిన సేవ ఇచ్చారా, తప్పుదోవ పట్టించే ప్రకటన చేశారా. నా సలహా ఏమిటంటే, పందెంలో పోయిన డబ్బుకు బాధ్యత లేదని స్పష్టంగా చెబుతూనే, అతను కట్టిన చివరి నెల రుసుము 500 రూపాయలు తిరిగి పంపి, సభ్యత్వం ముగించి, అది ఏ తప్పునూ ఒప్పుకోవడం కాదని రాతలో పెట్టండి. పోయిన పందెం డబ్బులో ఒక్క రూపాయి కూడా కట్టివ్వవద్దు. ఒకసారి కట్టిస్తే ఫలితానికి మీరు హామీదారు అన్న అర్థం వస్తుంది, మిగతా సభ్యులు వరుస కడతారు.

గుర్రప్పందేల విశ్లేషకులకు లైసెన్సు ఇచ్చే వ్యవస్థ ఏదీ మన దగ్గర లేదు. స్టాక్ మార్కెట్ సలహాదారులు సెబీ దగ్గర నమోదు చేసుకోవాలి. మీకు అటువంటి బాధ్యత లేదు, కాబట్టి అటువంటి గుర్తింపు ఉన్నట్టు కనిపించే మాటలు కూడా వాడకూడదు. జాకీకో సాయీసుకో (గుర్రాన్ని చూసుకునే పనివాడికో) డబ్బిచ్చి గుర్రపుశాల కబుర్లు రాబట్టడం మానుకోండి, అది రేసింగ్ నియమాల ప్రకారం వారి వృత్తికే ముప్పు తెస్తుంది. రేస్‌కార్డులోని బరువులు, దూరాలు, గత ఫలితాలు వంటి వాస్తవాలను మీరు వాడుకోవచ్చు గాని, ఇంకొక విశ్లేషకుడు రాసిన వ్యాఖ్యను యథాతథంగా ఎత్తి మీ గ్రూపులో పెడితే 1957 నాటి కాపీరైట్ చట్టం అడ్డొస్తుంది.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. మీ సభ్యుల గెలుపు మీద వర్తించే 30 శాతం ప్రత్యేక పన్ను మీ రుసుముకు వర్తించదు. రుసుము మీ వ్యాపార ఆదాయం, మామూలు శ్లాబుల ప్రకారం లెక్క చూపాలి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం రాదు. రేసుకోర్సులో పందెం టికెట్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలులో ఉన్న 40 శాతం జీఎస్టీ పందెం మీద వేసే పన్ను, దానికీ మీకూ సంబంధం లేదు.

ఇక మిగిలింది జాక్‌పాట్ వాటా. ఇది న్యాయపరంగా ఆసక్తికరమైన ప్రశ్న. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ పందెం ఒప్పందాలు చెల్లవంటుంది. గుర్రప్పందెంలో గెలిచినవారికి ఇచ్చే 500 రూపాయలు, ఆపైన విలువగల బహుమతి కోసం వేసుకునే చందాలను మాత్రం అదే సెక్షన్ మినహాయించింది, కానీ మీది అటువంటి చందా కాదు. అయితే మీకూ ఆ సభ్యునికీ మధ్య ఉన్నది పందెమే కాదు. అతను ఓడితే మీరు అతనికి ఇచ్చేది ఏమీ లేదు. మీది పందేనికి అనుబంధంగా కుదిరిన వేరే ఒప్పందం. ఘేరులాల్ పారఖ్ వర్సెస్ మహదేవదాస్ మయ్యా కేసులో సుప్రీంకోర్టు 1959లోనే, పందెం ఒప్పందం చెల్లదే తప్ప చట్టవిరుద్ధం కాదని, అందువల్ల దానికి అనుబంధంగా కుదిరిన ఒప్పందం ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని తేల్చింది. పూర్వపు బొంబాయి ప్రాంతంలో ప్రత్యేక చట్టం వల్ల పరిస్థితి వేరు, తెలంగాణకు ఆ అడ్డంకి లేదు. కాబట్టి దావా వేసే హక్కు మీకు ఉందనే నా అభిప్రాయం, దానికి కాలపరిమితి మూడేళ్లు. వాట్సాప్ మెసేజ్‌ను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, ఆ ఫోన్‌ను మార్చకుండా ఉంచుకోండి.

అయితే ఎంతకు దావా వేయాలి? 1,80,000 మీద 30 శాతం, అంటే 54,000 రూపాయలు, అతని చేతికి డబ్బు అందకముందే పన్నుగా పోయి ఉంటుంది. మిగిలిన 1,26,000 మీద పది శాతం 12,600. మొత్తం మీద అయితే 18,000. మెసేజ్‌లో "గెలిచిన దాంట్లో" అని ఉందా, "చేతికొచ్చిన దాంట్లో" అని ఉందా అన్నదాన్ని బట్టి కోర్టు చూస్తుంది. 5,400 రూపాయల తేడా కోసం పోట్లాడకుండా తక్కువ మొత్తానికే రాజీ కుదిరితే ఒప్పుకోవడం మేలు, దావా ఖర్చులు అంతకన్నా ఎక్కువే అవుతాయి.

నోటీసు పంపే ముందు మాత్రం ఒక విషయం తప్పక తెలుసుకోండి: ఆ జాక్‌పాట్ టికెట్టు రేసుకోర్సు టోట్‌లో కొన్నదేనా, లేక బయట బుకీ దగ్గర కాసిందా. టోట్‌లో కొన్నదైతే పన్ను కోసిన పత్రం అతని దగ్గర ఉంటుంది, మీ దావా నిలుస్తుంది. బయట కాసిందైతే ఆ పందేనికి గేమింగ్ చట్టం మినహాయింపు వర్తించదు, ఒప్పందం ఉద్దేశమే చట్టవిరుద్ధమని ఒప్పందాల చట్టం 23వ సెక్షన్ కింద అతని న్యాయవాది వాదిస్తాడు, పైగా అక్రమ పందెం సంగతి మీకు ముందే తెలుసునని మీ నోటీసే మీ సంతకంతో రుజువు చేస్తుంది. అటువంటప్పుడు ఆ డబ్బు వదులుకోండి, నోటీసు పంపవద్దు.